ఆటోమేటిక్ అనే మాట మీద నా అభ్యంతరం

ఛందస్సో వ్యాకరణమో రాసుకోక ఈ పంతులుగారికి ఇనుపబండ్ల గొడవ దేనికని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. ఈ గొడవకు మూలం ఇనుము కాదు, ఒక మాట. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పై రెండేళ్ళు బడిపిల్లలకు శబ్దార్థాలు చెప్పినవాణ్ణి. ఒక మాట తన అర్థాన్ని వదిలేసి ఊరిమీద పడి తిరుగుతుంటే చూస్తూ ఊరుకోలేను. పైగా ఆ మాట మా ఇంటి పిల్ల ప్రాణం మీదికి తెచ్చినంత పని చేసింది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరానికి పడమటగా, సున్నపురాతి గుట్టల నడుమ మా అమ్మాయీ అల్లుడూ పన్నెండెకరాల భూమి కొన్నారు. పంట పండే నేల కాదది. పైన జానెడు మట్టి, కింద రాయి. ఎటు చూసినా అక్కడివారు సీడర్ అని పిలిచే చెట్లు. నిజానికి అవి సీడర్లు కావు, జూనిపర్లు. (మాట తప్పడం అక్కడ చెట్లతోనే మొదలైందన్నమాట!) వాటిని నరికిన కొమ్మలు మోయాలి, కంచె కోసం రాళ్ళు చేరవేయాలి, నీళ్ళ పీపాలు పైకి ఎక్కించాలి. ఎండువాగు దాటి మెరక ఎక్కడానికి కారు పనికిరాదు. అందుకని ఒక పనిబండి కొనాలన్నారు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

ఈ పనిబండ్లు రెండు తీరులు. గుర్రమెక్కినట్టు చెరోపక్కకు కాలు వేసి, హ్యాండిల్ పట్టుకుని నడిపేది ఏటీవీ. పక్కపక్కన కూర్చుని, స్టీరింగు తిప్పుతూ, వెనక తొట్టిలో సామాను వేసుకుపోయేది యూటీవీ. దాన్నే సైడ్ బై సైడ్ అనీ అంటారు. మాకు కావలసింది రెండోది. దుకాణానికి వెళ్ళాం. నాలుగు బండ్లు చూపించారు. ఒక్కొక్కదాని ముందూ నిలబడి దీని ట్రాన్స్‌మిషన్ ఏమిటని అడిగాను. నాలుగింటికీ ఒకటే జవాబు: ఆటోమేటిక్. ఏ ఆటోమేటిక్ అని రెట్టించాను. క్లచ్చి ఉండదు, గేరు మార్చనక్కరలేదు, కాలితో నొక్కితే పోతుంది, అంతే అని ఆ యువకుడు చిరునవ్వు నవ్వాడు. నేను అడిగింది లోపల ఏముందని. అతను చెప్పింది ఏం లేదోనని. నఞ్‌సమాసంతో వస్తువును నిర్వచించడం ఏ శాస్త్రంలోనూ కుదరదు. ఏనుగంటే ఏమిటిరా అంటే గుర్రం కానిదండీ అన్న పిల్లవాడికి నేను మార్కులు వేయలేదు.

ఆ మాట కింద దాగిన యంత్రాల సంగతికి ఒక్క హోండా కంపెనీ ఏటీవీలే చాలు. 2001లో వచ్చిన రూబికాన్‌లో ఉన్నది నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రోస్టాటిక్ యంత్రం. 2003లో వచ్చిన రింకాన్‌లో ఉన్నది కార్లలో మాదిరి టార్క్ కన్వర్టరూ, దాని వెనక మూడు గేర్లూ. 2015లో అదే రూబికాన్ పేరుతో వచ్చిన కొత్త బండిలో నూనె యంత్రం పోయి, రెండు క్లచ్చిల గేరుబాక్సు, అంటే డీసీటీ, చేరింది. ఒకే కంపెనీ, మూడు భిన్నమైన యంత్రాలు, అందులో రెండింటికి ఒకే పేరు. మూడూ ఆటోమేటిక్కే! ఇక తక్కిన కంపెనీల్లో అత్యధికం వాడేది నాలుగోది, రబ్బరు బెల్టుది. దాన్నే సీవీటీ అంటారు. నాలుగింటి స్వభావాలు నాలుగు దిక్కులు. నానార్థపదాలకు సందర్భాన్నిబట్టి అర్థం చెప్పుకోవచ్చు. దుకాణంలో సందర్భం ఎక్కడుంది, ధర చీటీ తప్ప?

బెల్టు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు అనుభవమైంది అదే. శంకువుల్లా వాలిన రెండు పళ్ళేలు ఎదురెదురుగా ఉంటాయి, వాటి మధ్య బెల్టు. ఇంజను వేగం పెరిగితే బరువులు బయటికి విసురుకుని పళ్ళేలను దగ్గరకు నొక్కుతాయి, బెల్టు అంచువైపు ఎక్కుతుంది. వెనకనున్న రెండో జత అదే కొలతలో విడిపోతుంది. గేర్ల మెట్లు లేకుండా వేగం జారుడుబల్లలా మారుతుంది. మన వీధుల్లో తిరిగే ఆక్టివాలో ఉన్నదీ ఇదే ఉపాయం. కారులో దీన్ని 1958లో హాలండు దేశపు డాఫ్ కంపెనీ పెట్టింది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు పొలారిస్ కంపెనీ మంచు మీద పరుగెత్తే బండ్లు చేసేది. ఆ బండ్లలో ఆరితేరిన బెల్టునే 1985లో తన తొలి ఏటీవీ ట్రైల్ బాస్‌కు తగిలించింది. చలిగాలిలో, వేగంగా, తేలిగ్గా పోయే బండికి అది చక్కని ఉపాయం. నేను కాదనను. అయితే మంచు మీద పరుగు వేరు, ఆగస్టు ఎండలో అరటన్ను రాళ్ళతో నత్తనడక వేరు.

నా చిన్నతనంలో మా ఊరి రైసుమిల్లులో ఒక పొడుగాటి పట్టా తిరిగేది. బరువు ఎక్కువైతే అది జారేది. జారితే వేడెక్కి కాలిన వాసన వీధిదాకా వచ్చేది. మిల్లు మేస్త్రి గుగ్గిలం పొడి తెచ్చి పట్టా మీద చల్లి తిట్టుకుంటూ పోయేవాడు. ఇప్పటి బెల్టులో గట్టి అరామిడ్ నూలు ఉందనండి, పళ్ళు ఉన్నాయనండి, ధర్మం మాత్రం ఆ పట్టా ధర్మమే. రాపిడితో పట్టుకోవాలి, జారితే కాలాలి. వాగులో నీళ్ళు లోపలికి చేరితే పట్టు తప్పాలి. అందుకే ఆ బండ్లకు హై, లో అని రెండు శ్రేణులు పెడతారు. బరువు లాగేటప్పుడు, నెమ్మదిగా ఎక్కేటప్పుడు లో వాడమని బండితో ఇచ్చే పుస్తకంలో రాస్తారు. ఆ పుస్తకాన్ని సీటు కింద పెడతారు. ధర చీటీ మీద మాత్రం ఆటోమేటిక్ అని రాస్తారు. అన్నీ తనంత తానే చూసుకునేదైతే ఈ శ్రేణి మార్చే పని నాకెందుకు అప్పగించారని అడిగేవాడు లేడు. మాడిన బెల్టు మార్చాలంటే వంద డాలర్ల పైమాటే, కూలి వేరు.

ఇక జరిగింది చెబుతాను. కొనేముందు వాడి చూద్దామని అల్లుడు తన స్నేహితుడి బెల్టుబండిని రెండు రోజులకు అడిగి తెచ్చాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. రెండో రోజు ఉదయం తొట్టినిండా రాళ్ళు వేసుకుని గుట్ట మీదినుంచి దిగుతున్నాడు. పక్కన తొమ్మిదేళ్ళ మా మనవరాలు. నేను పైన నిలబడి ఉన్నాను. దిగుడు మొదలవగానే అతను కాలు తీశాడు. బండి నెమ్మదించలేదు. ఇంజను చప్పుడు తగ్గింది, బండి వేగం పెరిగింది! ఆ రెండూ ఒకేసారి చెవికీ కంటికీ తగిలితే కడుపులో ఏమవుతుందో మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. బ్రేకు నొక్కాడు. గులకరాళ్ళ మీద చక్రాలు జారాయి. వాగు గట్టుకు నాలుగు బారల ఇవతల ఒక జూనిపర్ పొదలో దూరి బండి ఆగింది. పిల్లకు మోచేయి గీరుకుపోయింది, అంతే. దైవం మేలు చేసింది.

కూర్చుని నీళ్ళు తాగాక అతనన్న మాట ఇది: "ఆటోమేటిక్ కదా మామయ్యగారూ, కాలు తీస్తే కారులా నెమ్మదిస్తుందనుకున్నాను." పదిహేనేళ్ళుగా ఆ దేశంలో ఆటోమేటిక్ కారు నడుపుతున్న మనిషి. ఆ మాట అతనికి ఒక నమ్మకాన్ని నేర్పింది. అదే మాటను ఇంకో యంత్రానికి తగిలించి, ఆ నమ్మకాన్ని దాని వెంట పంపారు. ఆ రకం బెల్టుబండిలో కాలు తీసి ఇంజను మందగించగానే ముందు పళ్ళేలు విడిపోతాయి, బెల్టు వదులవుతుంది, చక్రాలకూ ఇంజనుకూ సంబంధం తెగుతుంది. అటుపైన అది మోటారుబండి కాదు, వాలు మీద వదిలిన ఒంటెద్దు బండి, ఎద్దు లేకుండా.

తప్పు అల్లుడిది, లో శ్రేణి వేసుకోవాలి కదా అనవచ్చు మీరు. వేసుకోవలసిందే. అయినా బెల్టు వదిలేసే బండి లోలోనైనా వదిలేస్తుంది, కాస్త ఆలస్యంగా. ఇంజనే బండిని వెనక్కు పట్టే ఏర్పాటు కొన్ని బెల్టుబండ్లలో ఉంది. యమహా తన అల్ట్రామాటిక్ పద్ధతిలో బెల్టును ఎప్పుడూ బిగువుగానే ఉంచి, బయలుదేరే పనికి వేరే క్లచ్చి పెట్టి, దిగుడులో చక్రాలు ఇంజనును తిప్పేలా చేసింది. అంటే బెల్టు కూడా ఒకే కులం కాదు! ఆ తేడా చెప్పడానికి దుకాణంవారికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెబితే బేరం పోతుందనే భయమో, వారికే తెలియని తనమో నేను తేల్చలేను. రెండోదే ఎక్కువని నా అనుమానం.

హైడ్రోస్టాటిక్ అనేదాన్ని మా అల్లుడి పొరుగున ఉన్న పెద్దాయన దగ్గర చూశాను. కుబోటా కంపెనీ వారిది, డీజిలు బండి. ఇంజను ఒక పంపును తిప్పుతుంది, పంపు నూనెను గట్టి ఒత్తిడితో ఒక మోటారులోకి నెడుతుంది, మోటారు చక్రాలను తిప్పుతుంది. పెడలు నొక్కితే నూనె పారుతుంది, వదిలితే పారకం మూసుకుంటుంది. కనుక దిగుడులో కాలు తీస్తే బండి తనకు తానే బిగబట్టుకుంటుంది. అంగుళం అంగుళం ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. కాలే బెల్టు లేదు. దోషాలు లేవా అంటే ఉన్నాయి. శక్తిలో కొంత నూనె వేడెక్కడానికే పోతుంది. సన్నగా కీచుమంటుంది. గంటకు 25 మైళ్ళ దరిదాపులోనే దాని పరుగు ముగుస్తుంది. నూనె, వడపోత వేళకు మార్చాలి, లోపల చెడితే బాగు ఖర్చు వాచిపోతుంది. ఆ పెద్దాయన ఇవన్నీ తానే చెప్పాడు, తన బండి గురించి. అమ్మేవాడు కాదు కదా.

డీసీటీ నాకు ఇంకో రకంగా నచ్చింది. బేసి గేర్లకు ఒక క్లచ్చి, సరి గేర్లకు ఇంకొకటి. ఒకటి పనిచేస్తుండగా రెండోది తరువాతి గేరును సిద్ధంగా పట్టుకుని ఉంటుంది. లోపలున్నవి అసలైన ఇనుప గేర్లు, పట్టు ఖచ్చితం. 2016 నాటి హోండా పయనీర్ 1000లో ఇలాంటివి ఆరు గేర్లు. అయితే ఎత్తుమీద మరీ పాకురుతూ నడిపితే క్లచ్చి వేడెక్కుతుంది. టార్క్ కన్వర్టరు పనిబండ్లలో అరుదు కనుక దాన్ని వదిలేస్తున్నాను.

గేర్లు పాతకాలపు సంగతి అని ఎద్దేవా చేసేవారికి ఒక్క మాట. ఆ గుట్టల్లోనే, కాలితో గేరు మార్చే పాత ఏటీవీలు ఇంకా పనిచేస్తున్నాయి, నేను చూశాను. ఒకటో గేరులో దిగితే పళ్ళు పళ్ళను పట్టుకుని ఉంటాయి. పాతది అనడం కాలాన్ని చెబుతుంది, గుణాన్ని కాదు. ఇక గుర్రాల శక్తి ఇంత, గరిష్ఠ వేగం ఇంత అని కరపత్రం నిండా అంకెలు వేస్తారే, రాళ్ళు మోసే బండికి గంటకు అరవై మైళ్ళ వేగం దేనికి? వేటకూ, బాటల్లో షికారుకూ పోయేవారు బెల్టుబండే కొనుక్కోనీండి, వారికదే హాయి. యుటిలిటీ అన్న పేరు పెట్టినప్పుడు మాత్రం ఆ పేరుకు తగిన ప్రశ్నకు జవాబు చెప్పాలని నా వాదం.

ఆ తరువాత అల్లుడు మూడు దుకాణాలకు ఫోను చేశాడు. నేను చెప్పిన ఒక్క ప్రశ్నే అడిగాడు: బరువుతో వాలు దిగుతూ కాలు తీస్తే మీ బండి నెమ్మదిస్తుందా, పోతుందా? మొదటివారు అది ఆటోమేటిక్ అండీ అన్న ధోరణిలోనే జవాబిచ్చారు. రెండోవారు కనుక్కుని చెబుతామన్నారు, ఈనాటికీ చెప్పలేదు. మూడో దుకాణానికి వెళితే, కౌంటరులో ఉన్న అమ్మాయి ఏమీ చెప్పకుండా తాళంచెవి అతని చేతికిచ్చి, వెనకనున్న మట్టిదిబ్బ చూపించింది. హైడ్రోస్టాటిక్ బండి, రంగు నారింజ. అక్కడే కొన్నాం.