గుర్రమున్నవారి స్వచ్ఛంద సేవ

జీతం ఆశించక, తమ వృత్తి వ్యాపారాలు చూసుకుంటూనే తీరిక వేళల్లో దేశరక్షణకు పూనుకొనే వారిని మెచ్చుకోని వారుండరు. అయితే అటువంటి దళంలో చేరగలిగిన వారెవరు, చేరలేకపోయిన వారెవరు అని విచారించకుండా మెచ్చుకోవడం చరిత్ర విద్యార్థికి తగదని నా అభిప్రాయం.

ఫ్రెంచి దండయాత్ర భయం ఆవరించిన 1794లో ఇంగ్లండులో యోమన్రీ అనే స్వచ్ఛంద అశ్వికదళాలు వెలిశాయి. సాధారణంగా ఎవరి గుర్రం వారే తెచ్చుకోవాలి. కాబట్టి కూలివానికి అందులో చోటు లేదు. వారికి అప్పగించినవి రెండు పనులు: పరాయి శత్రువును ఎదిరించడం, స్వదేశంలో అల్లర్లను అణచడం. 1797లో వేల్స్ తీరాన ఫిష్‌గార్డ్ వద్ద ఫ్రెంచి సేన లొంగిపోయిన ఘట్టంలో పెంబ్రోక్ యోమన్రీకి పాలు ఉన్నమాట నిజమే. అటువంటి అవకాశం మాత్రం అరుదు.

రెండవ పనికి పరాకాష్ఠ మాంచెస్టరులో కనిపిస్తుంది. 1817లో ఏర్పడిన మాంచెస్టర్, సాల్ఫర్డ్ యోమన్రీలో మిల్లు యజమానులు, వర్తకులు, దుకాణదారులు, సారాయి అంగళ్ల వారు ఉండేవారు. అంత పెద్ద పట్టణానికి అప్పట్లో పార్లమెంటులో సొంత ప్రతినిధి లేడు. ఎన్నికల సంస్కరణ కోరుతూ 1819 ఆగస్టు 16న సెయింట్ పీటర్స్ మైదానంలో సుమారు 60,000 మంది స్త్రీ పురుషులు నిరాయుధులై సమావేశమయ్యారు. వక్త హెన్రీ హంట్‌ను నిర్బంధించేందుకు న్యాయాధికారులు పిలిపించినది ఈ దళాన్నే. ముందు నడిచిన కెప్టెన్ బర్లీ స్వయంగా నూలు మిల్లు యజమాని. కత్తులకు కొన్ని వారాల ముందే పదును పెట్టించారు. సభాస్థలికి చేరకముందే ఒక రౌతు తాకిడికి తల్లి చేతుల్లోని రెండేళ్ల విలియం ఫిల్డిస్ కిందపడి మరణించాడు.

గుర్రాలు బెదిరాయని, రౌతులకు శిక్షణ చాలదని సమర్థించేవారున్నారు. అందులో కొంత నిజముంది. కాని జనాన్ని చెదరగొట్టడానికి ఆ వెంటనే పంపిన 15వ హుస్సార్లు జీతం తినే సైనికులు. జనానికి పారిపోయే దారి లేదంటూ యోమన్రీ వారిని వారించినవాడు ఆ దళంలోని అధికారియే! వృత్తి సైనికునికి ఎదుటి గుంపు ముక్కూ మొహమూ తెలియనిది. యోమన్రీ రౌతుకో, ఆ గుంపు తన మిల్లులో కూలి చాలదన్నవారిది, తన అంగడిలో అప్పు పెట్టినవారిది. శిక్షణ లోపం కంటె ఈ పరిచయమే ప్రమాదకరమని నేను తలుస్తాను.

యువరాజు రీజెంటు వారికి కృతజ్ఞతలు పంపాడు. గాయపడిన వాడొకడు బర్లీపైనా మరి ముగ్గురిపైనా వేసిన దావా 1822లో వీగిపోయింది. 1824లో దళం రద్దయింది.

ఆ స్థలంలో చాలాకాలం ఉన్న స్మారక ఫలకం సభను సైన్యం చెదరగొట్టిందని మాత్రమే చెప్పేది; మృతుల ఊసే లేదు. 2007లో దానిని మార్చి 15 మంది మరణాన్ని, 600కు పైగా క్షతగాత్రులను పేర్కొన్నారు. దాడి చేసినది సాయుధ అశ్వికదళమని రాశారు గాని, ఆ గుర్రాలెవరివో కొత్త ఫలకమూ చెప్పలేదు.