ధాన్యం కొనేవాడి లెక్క ఎవరు చూడాలి?

సింధనూరు, గంగావతి వైపు క్యాంపుల్లో రెండో పంట కోతలు అయ్యాక ప్రార్థనకు వెళ్తే దాదాపు ప్రతి ఇంట్లో ఒకే మాట వింటాం. "ధాన్యం ఎత్తేశామండీ, డబ్బులే రావాలి." అది మామూలు సంగతన్నట్టు చెబుతారు. మేమూ చాలా ఏళ్లు మామూలు సంగతిగానే విన్నాం.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి కాలువలకు నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వచ్చి భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. వాళ్ల వెంట కూలికి వచ్చిన కుటుంబాలు కూడా ఇక్కడే స్థిరపడ్డాయి. ఆ కుటుంబాల మనవలు ఇప్పుడు కౌలుకు చేస్తున్నారు. మన సంఘాల్లో ఎక్కువమంది వాళ్లే. పహాణీ వాళ్ల పేరున ఉండదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో భూమి రికార్డు అడుగుతారు కాబట్టి అక్కడికి వెళ్లడం కష్టం. కోత మిషన్ నుంచి ధాన్యం నేరుగా లారీలోకి పోతుంది. కాటా వేస్తారు, తరుగు తీస్తారు, తెల్ల చీటీ మీద బస్తాల లెక్క రాసి ఇస్తారు. డబ్బు నెలకో నెలన్నరకో. రొక్కానికి అమ్మితే ఒక ధర, వాయిదాకు అమ్మితే బస్తాకు కొంచెం ఎక్కువ. ఆ కొంచెం కోసమే చాలామంది వాయిదాకు ఒప్పుకుంటారు, ఎందుకంటే కౌలు కట్టాక మిగిలేది ఆ కొంచెమే.

మేము ఎరిగిన ఒక వ్యాపారి ఆ విధంగా కొన్నేళ్లు కొన్నాడు. ఆలస్యమైనా డబ్బు ఇచ్చేవాడు. ఒక ఏడు ఇవ్వలేదు. మిల్లు నుంచి రావలసింది రాలేదన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు, ఆ తర్వాత ఐపీ పెట్టాడని తెలిసింది. "అయ్యగారూ, ఆయన మనవాడే కదా అని ఇచ్చాం" అని ఒక తల్లి మాతో అంది. నిజమే, మనవాడే. మన భాషే మాట్లాడేవాడు, పండుగలకు వచ్చేవాడు. మన చర్చిలో మైకు సెట్టు ఆయన ఇచ్చిన కానుకే. ఆ సంగతికి మళ్లీ వస్తాం.

ఇక్కడ జరిగింది మోసమా, నష్టమా అని చాలా రోజులు వాదించుకున్నాం. ఇప్పుడు మాకు అనిపించేది వేరు. ఆ వ్యాపారి దగ్గర సొంత సొమ్ము ఎంత ఉంది, బ్యాంకుకు ఎంత బాకీ, రైతులందరికీ కలిపి ఎంత ఇవ్వాలి అనే మూడు అంకెలు ఆ ఊళ్లో ఒక్కరికీ తెలియవు. ఒక్కో ఇంటికి తన చీటీ మాత్రమే తెలుసు. నలభై చీటీలు కలిపి చూసినవాడు లేడు. చూడవలసిన అధికారం ఎవరికైనా ఉందా అంటే, పొలం గట్టు మీద జరిగే కొనుగోలుకు ఉన్నట్టు కనిపించదు.

ధాన్యం అప్పుకు ఇవ్వడమంటే ఏమిటో ఒకసారి సరిగ్గా చూద్దాం. లారీ కదిలిన క్షణం నుంచి సరుకు వ్యాపారిది. ఆయన స్టాకు మీద బ్యాంకు అప్పు ఉంటే, మన బస్తాలు కూడా ఆ తాకట్టులోకి పోతాయి. దివాలా వస్తే తాకట్టు పెట్టుకున్న బ్యాంకు ముందు నిలబడుతుంది. తెల్ల చీటీ పట్టుకున్నవాడు మిగతా అప్పులవాళ్లతో కలిసి వెనక నిలబడతాడు. తాను పండించిన ధాన్యం మీద తనకే హక్కు లేకుండా పోతుంది. అంటే పేద కౌలుదారు ధనవంతుడైన వ్యాపారికి వడ్డీ లేకుండా, హామీ లేకుండా, పూచీకత్తు లేకుండా అప్పు ఇస్తున్నాడు. బ్యాంకు అయితే అదే వ్యాపారికి రూపాయి ఇచ్చే ముందు మూడేళ్ల లెక్కలు అడుగుతుంది.

చిట్టీ నడిపేవాడి సంగతి చూడండి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టాలంటే చిట్టీ మొత్తానికి తగ్గ హామీ రిజిస్ట్రారు దగ్గర ఉంచాలి, ఆడిట్ చేయించిన ఆస్తి అప్పుల పట్టీ దాఖలు చేయాలి. అది లేకుండా చిట్టీ నడిపి బోర్డు తిప్పేసినవాళ్ల కథలు మనకు బోలెడు తెలుసు, కానీ చట్టం ఆ మాత్రం అడిగింది. పాతిక మంది దగ్గర నెలనెలా వసూలు చేసేవాడిని అడిగే ప్రశ్న, నలభై మంది దగ్గర ఆరు నెలల పంట ఒక్కసారే ఎత్తుకుపోయేవాడిని ఎందుకు అడగం?

మార్కెట్ యార్డులో కొంత అడుగుతారు. కర్ణాటకలో 1966 నాటి మార్కెటింగ్ చట్టం కింద వ్యాపారికి, దలాలీకి లైసెన్సు ఉండాలి, హామీ కట్టాలి. యార్డుల్లో లోపాలు లేవని మేము అనడం లేదు. హమాలీ దగ్గర నుంచి కార్యదర్శి దాకా ఎవరి బాధలు వాళ్లకున్నాయి, కాటా దగ్గర రైతు నోరు మెదపలేడు. అయినా అక్కడ వ్యాపారికి ఒక పేరు, ఒక నంబరు, ఎంతో కొంత పూచీ ఉన్నాయి. 2020లో కేంద్రం తెచ్చిన వ్యవసాయోత్పత్తుల వ్యాపార చట్టం ఆ కొంచెం కూడా తీసేసింది. పాన్ కార్డు ఉన్న వ్యాపారి ఎవరైనా యార్డు బయట కొనవచ్చు అంది. అదే రోజు గానీ, కొన్ని సందర్భాల్లో మూడు పనిదినాల్లో గానీ డబ్బు ఇవ్వాలనీ, లేకపోతే 25,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా అనీ రాసింది. వినడానికి బాగానే ఉంది. కాని పాన్ కార్డు మనిషి ఎవరో చెబుతుందే తప్ప అతని పెట్టెలో ఎంత ఉందో చెప్పదు. డబ్బే లేనివాడికి జరిమానా వేస్తే రైతు చేతికి ఏమి వస్తుంది? ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పోరాటం తర్వాత 2021 నవంబరు 29న పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆ గొడవలో కంపెనీల గురించి, మద్దతు ధర గురించి చాలా మాటలు వచ్చాయి. కొనేవాడి ఆర్థిక స్థితి ఎవరు చూడాలి అన్న ప్రశ్న మాత్రం మూలన పడిపోయింది. చట్టం పోయింది, తెల్ల చీటీ పోలేదు.

కెనడాలో గోధుమ, ఆవాలు పండించే రైతులకు ఈ కష్టం వంద ఏళ్ల కిందటే తెలుసు. 1912 నుంచి అక్కడ ధాన్యం మీద ఒక కమిషన్ ఉంది, విన్నిపెగ్ నగరంలో దాని కార్యాలయం. లైసెన్సు తీసుకునే కొనుగోలుదారు తన ఆర్థిక పత్రాలు ఇవ్వాలి, రైతులకు ఎంత బాకీ ఉన్నాడో నెలనెలా చెప్పాలి, ఆ బాకీకి సరిపడా హామీ పెట్టాలి. బాకీ పెరిగితే హామీ పెరగాలి. వ్యాపారి దివాలా తీస్తే ఆ హామీ నుంచి రైతుకు చెల్లిస్తారు. దీనికి గడువు ఉంది: ధాన్యం ఇచ్చిన 90 రోజుల లోపు, లేదా చెక్కు, కొనుగోలు చీటీ చేతికి వచ్చిన 30 రోజుల లోపు. గడువు దాటించుకున్న రైతుకు రక్షణ లేదు. అమెరికాలోని అయోవా రాష్ట్రం 1980ల వ్యవసాయ సంక్షోభంలో దెబ్బతిని, 1986లో ధాన్యం అమ్మినవారి కోసం ఒక నష్టపరిహార నిధి పెట్టుకుంది. అది నష్టంలో 90 శాతం వరకు, ఒక పరిమితికి లోబడి ఇస్తుంది.

వాళ్లు సంపన్న దేశాలవాళ్లు, వాళ్లను చూసి మనం చేయగలమా అని అడిగేవాళ్లుంటారు. మాకు అందులో నచ్చింది డబ్బు కాదు, నెలవారీ లెక్క. ఏడాదికోసారి ఆడిట్ చేసిన పట్టీ మార్చి నెల సంగతి చెబుతుంది. మన ధాన్యం పోయేది కోతల రోజుల్లో. ఆ వ్యాపారి ఏప్రిల్లో ఎంత బాకీ, మే నెలలో ఎంత బాకీ అని మార్కెట్ కమిటీకి రెండు అంకెలు రాసి ఇచ్చి ఉంటే, రెండో అంకె చూసిన గుమాస్తాకైనా అనుమానం వచ్చేది.

ఇంకొక అభ్యంతరం మాకు బరువైనదిగా తోస్తుంది. ఆడిటర్ ఫీజులు, బ్యాంకు గ్యారంటీలు అంటే ఊళ్లో చిన్న వ్యాపారి తట్టుకోలేడు, చివరికి పెద్ద కంపెనీలే మిగులుతాయి. ఈ మాట కొట్టిపారేయలేం. అందుకే భారం కొనే పద్ధతిని బట్టి ఉండాలని మా అభిప్రాయం. కాటా దగ్గరే రొక్కం ఇచ్చేవాడు పేరు నమోదు చేసుకుంటే చాలు, అతని పట్టీతో మనకు పనిలేదు. వాయిదా అడిగేవాడు మాత్రం లెక్క చూపాలి, నెలనెలా బాకీ చెప్పాలి, దానికి తగ్గ హామీ ఉంచాలి. అప్పు చేసేవాడినే అప్పు సంగతి అడుగుతున్నాం. ఆ పట్టిక కన్నడంలోనే కాక, క్యాంపుల్లో చదవగలిగే తెలుగులో కూడా పంచాయతీ గోడకు అంటించాలి. ఒడిశాలో, యానాంలో మన వాళ్లు ఉన్నచోట కూడా వాళ్ల రాష్ట్ర చట్టాలను బట్టి ఇదే అడగవచ్చు.

ఆమోసు ప్రవక్త మండిపడింది ధాన్యం వ్యాపారుల మీదే. కొలత తగ్గించి, తూకం మార్చి, పేదవాణ్ణి కొనేస్తున్నారని. మేము ఆ అధ్యాయం మీద ఎన్నోసార్లు ప్రసంగించాం. తూకం గురించే చెప్పాం గాని, చీటీ గురించి ఒక్కసారీ చెప్పలేదు. తూకం సరిగ్గానే ఉంది, డబ్బే రాలేదు.

యువతీ యువకులకు ఒక పని. చదువుకున్నవాళ్లు, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు మీరు. ఈసారి కోతల్లో మీ ఇంటి చీటీని ఫోటో తీయండి. తేదీ, బస్తాలు, బస్తా బరువు, ధర, ఎప్పటికి ఇస్తారో రాయించండి, సంతకం పెట్టించండి. మీ తాలూకా మార్కెట్ కమిటీకి 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టి లైసెన్సు ఉన్న వ్యాపారుల జాబితా, ఒక్కొక్కరి హామీ ఎంత, అది ఎప్పటిదాకా చెల్లుతుంది అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జాబితాలో మీ వ్యాపారి పేరు లేకపోతే లారీ ఎక్కించకముందే ఇంట్లో చెప్పండి. పెద్దవాళ్లు మొహమాటపడతారు. "ఇన్నేళ్లుగా ఇస్తున్నాం, ఇప్పుడు అడిగితే ఏమనుకుంటాడో" అంటారు. ఆ మొహమాటాన్ని మేమూ ఎరుగుదుం.

ఇక మైకు సెట్టు. దివాలా తర్వాత ఒక ఆదివారం, డబ్బు పోయిన ఆ తల్లి ముందు వరసలో కూర్చుని ఉండగా, మేము ఆయన ఇచ్చిన మైకులో వాక్యం చదివాం. ఆ కానుక ఎవరి డబ్బుతో వచ్చిందో తీసుకున్న రోజున మేము అడగలేదు. వ్యాపారుల లెక్కలు అడగమని ఈ రోజు రాస్తున్న మేము, చర్చికి వచ్చే పెద్ద కానుకల లెక్క కూడా సంవత్సర సభలో చదివి వినిపించాలని కమిటీ ముందు పెట్టాం. మైకు సెట్టు అమ్మి ఆ డబ్బు నష్టపోయిన ఇళ్లకు ఇవ్వాలని కొందరు, ఆ కొద్ది డబ్బు ఎవరికి చాలుతుందని కొందరు అంటున్నారు. వచ్చే నెల సమావేశంలో తేలుస్తారట. అంతవరకు దాన్ని గదిలో పెట్టి తాళం వేశాం, మైకు లేకుండానే ఆరాధన నడుస్తోంది.