కర్త లేని బొమ్మలు

‘దరఖాస్తు పరిశీలించబడును’ అని ఆఫీసు కాగితాల్లో చూస్తుంటాం. ఎవరు పరిశీలిస్తారు? వాక్యంలో కర్త లేడు. బీఏ తెలుగు చదివినదాన్ని కదా, నాకు అదే ముందు కంటికి తగులుతుంది. బీటెక్ చదివే మా అమ్మాయి గీసే యాక్టివిటీ డయాగ్రమ్‌లలోనూ చాలావాటికి ఇదే జబ్బు.

గీయడం కష్టమేం కాదు. నల్లచుక్కతో మొదలు. మూలలు గుండ్రంగా ఉన్న పెట్టెలో ఒక్కో పని, దారి చీలే చోట డైమండు, చివర సున్నాలో చుక్క. ముగ్గులు పెట్టిన చేతులు మనవి! పుస్తకాల్లో మాత్రం ఎప్పుడూ ఏటీఎమ్ ఉదాహరణే. మనం అత్తయ్యగారి బీపీ మాత్రలు తీసుకుందాం.

మా ఆయన్ని గీయమంటే రెండు పెట్టెలు వేశారు. షాపుకు వెళ్లు, మందులు కొను. మరి మాత్రలు అయిపోవస్తున్నాయని ముందుగా చూసేదెవరు? డాక్టరు చీటీ వెతికేదెవరు? రాసిన మందు షాపులో లేకపోతే? అక్కడ డైమండు పెట్టి, బయల్దేరే ప్రతి గీత మీదా షరతు రాయాలి: ‘ఉంది’, ‘లేదు’. ‘లేదు’ అన్న గీత డాక్టరుకు ఫోన్ చేసే పెట్టెకు చేరకుండా గాల్లో ఆగిపోయిందా, ఆ రాత్రి ఆవిడకు మాత్ర ఉండదు.

ఒకేసారి సాగే పనులకు లావుపాటి అడ్డగీత ఉంటుంది. పప్పు ఉడకాలి, చింతపండు నానాలి. రెండూ వచ్చి మళ్లీ ఒక అడ్డగీత దగ్గర కలిశాకే పప్పుచారు. ఇది మనకు ఒకరు చెప్పాలా!

అన్నిటికంటే ముఖ్యం స్విమ్‌లేన్లు. కాగితాన్ని నిలువు వరసలుగా విడదీసి, పైన మనుషుల పేర్లు రాయడం. పెట్టె ఎవరి వరసలో ఉంటే పని వాళ్లది. చిన్న బొమ్మకు ఇవి అక్కర్లేదంటారు కొందరు. నేను ఒప్పుకోను. పేరు లేని పని ఆఫీసులో ఎవరి మీద పడుతుందో గానీ, ఇంట్లో ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు.

పనిని ఇలా బొమ్మగా గీసే ప్రాసెస్ చార్టులను 1921లో అమెరికా ఇంజనీర్ల ముందు పెట్టింది ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు. 1924లో భర్త పోయాక, ఇంటినిండా పిల్లలతో ఉన్న లిలియన్ ఆ చూపును వంటింటి మీదికి తిప్పింది, ఆడవాళ్ల నడక ఎలా తగ్గించాలా అని.

వరసలు గీశాక మా బొమ్మలో ఆయనకు రెండు పెట్టెలు, నాకు ఆరు. చీటీ వెతికే పెట్టెను ఆయన వరసలోకి మార్చాం. మాత్రలు లెక్కపెట్టే పెట్టె మీద ఇంకా బేరం నడుస్తోంది.