కొసరు అడగడం వస్తే స్పానిష్ వచ్చినట్టే

మెక్సికోలో గ్వాదలహారా అని ఒక ఊరుంది. మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఈ పేరు కొత్తేం కాదు. అమెరికా క్లయింటు టైముకి దగ్గరగా పని జరుగుతుందని మనవాళ్ళని అక్కడికి పంపుతుంటారు. నన్నూ 2023లో పంపారు, ఏడాదిన్నరకి.

ఆఫీసులో ఇంగ్లీషు సరిపోతుంది. సమస్యంతా సాయంత్రం ఆరు తర్వాతే. మనవాళ్ళలో చాలామంది దానికి కనిపెట్టిన పరిష్కారం ఏంటంటే, సూపర్ మార్కెట్‌కి వెళ్ళి నోరు విప్పకుండా బుట్ట నింపుకుని, కార్డు గీకి వచ్చేయడం. "ఇక్కడే ఉండిపోతామా ఏంటి, ఎందుకొచ్చిన స్పానిష్" అంటారు. రెండేళ్ళు మూగవాళ్ళలా బతకడానికి సిద్ధపడతారు గానీ ఇరవై మాటలు నేర్చుకోరు. నాకు ఇది అస్సలు నచ్చదు.

అలాగని నేనేదో పొడిచేశానని కాదు. నేనూ అందరిలాగే ఫోన్లో ఒక యాప్ దించుకున్నాను. నెల రోజులకి "పిల్లవాడు యాపిల్ తింటున్నాడు" అనడం వచ్చింది. ఆ పిల్లవాడు నాకు ఇప్పటిదాకా ఎక్కడా తగల్లేదు. ఆ ధైర్యంతో సందు చివరి కొట్టుకి వాట్సాప్‌లో రెండు కిలోలు 'తొమాతె' పంపమని మెసేజ్ పెట్టాను. ఆకుపచ్చగా, పైన కాగితంలాంటి పొరతో ఏవో కాయలొచ్చాయి! అక్కడ ఎర్ర టమాటాని 'హితోమాతె' అంటారు, వట్టి తొమాతె అంటే ఈ పచ్చవే. యాప్‌ది తప్పనలేం, స్పెయిన్‌లో తొమాతె అంటే ఎర్రదే మరి.

అసలు సంగతి ఇంకోటుంది. వారానికోసారి మా వీధిలో 'తియాంగిస్' పెడతారు, అచ్చం మన వారపు సంత. అక్కడ కూరగాయలమ్మే పెద్దావిడ దగ్గర ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో కట్టుకుని, ముక్క ముక్కా స్పానిష్ చేసి "ప్వేదో తెనేర్..." అని మొదలుపెట్టేవాణ్ణి. 'కెన్ ఐ హ్యావ్' అన్నమాట. ఆవిడ నన్ను ఎగాదిగా చూసేది. అక్కడ అలా ఎవరూ అడగరు. "మె దా మేదియో కీలో దె సెబోయా?" అంటారు. తెలుగులో చెప్పుకుంటే "నాకు అరకిలో ఉల్లిపాయలు ఇస్తారా?" అంతే. పైగా యాప్ నాకు ముందు నేర్పింది 'తూ', అంటే నువ్వు. ఇంగ్లీషులో రెండూ 'యూ'నే కదా అని తేడా పట్టించుకోలేదు. అరవై ఏళ్ళ మనిషిని రెండు నెలలపాటు "ఇస్తావా, ఉందా" అన్నాను. మన ఊళ్ళో అయితే తిట్టి పంపేవాళ్ళు.

ఆ తర్వాత మా ఆవిడ వచ్చింది. తెనాలి దగ్గర పల్లెటూరు, డిగ్రీదాకా తెలుగు మీడియం. ఇక్కడ నా తెలివి చూడండి... ముందు ఇంగ్లీషు బాగా నేర్పించి, దాని మీద స్పానిష్ నేర్పిద్దామని ప్లాను వేశాను! ఓ రోజు 'మె గుస్తా' గురించి కర్త, కర్మ తారుమారవుతాయని బోర్డు మీద రాసినంత పని చేస్తుంటే, "అందులో ఏముందండీ? నాకు వంకాయ ఇష్టం అంటాం కదా, అంతేగా" అంది. నిజమే! మనం 'నేను వంకాయని' అని మొదలుపెట్టం, 'నాకు' అంటాం. వాళ్ళూ అంతే.

అక్కణ్ణుంచి నాకే కళ్ళు తెరుచుకున్నాయి. కోమో, కోమెస్, కోమె అంటే తింటాను, తింటావు, తింటాడు. నేను, నువ్వు చెప్పక్కర్లేదు, క్రియ తోకలోనే మనిషున్నాడు. 'కీలో ఈ మేదియో' అంటే కిలోన్నర, 'కువార్తో' అంటే పావు. త, ద లు మనవే. బళ్ళో నేర్చుకుని ఎన్నడూ వాడని ఞ కూడా అక్కడ పనికొస్తుంది. బల్ల ఆడది, పుస్తకం మగది అన్నచోట మాత్రం తెలుగేమీ ఆదుకోదు, బట్టీ పట్టాల్సిందే. 'పెరో' అంటే కానీ, ర ని గట్టిగా దొర్లిస్తే కుక్క. బండి ఱ ని వదిలేసినందుకు శిక్ష అనుకున్నా.

ఆవిడ ఒక నోటుపుస్తకం పెట్టి అన్నీ తెలుగులో రాసుకుంది. స్పానిష్ రాసినట్టే చదువుతారు కాబట్టి తెలుగు లిపిలో చక్కగా ఇమిడిపోతుంది. అంకెలు, పావు, అర, ఎంత, చాలు, రేపు, మాగినవి, పచ్చివి... ఇవే మొదటి పది పేజీలు. 'లేస్తాను, స్నానం చేస్తాను' అన్నవి తర్వాత పక్కింటావిడతో కబుర్లలో వాటంతటవే వచ్చాయి. నేను మాత్రం ఇప్పటికీ అరవైకీ డెబ్బైకీ (సెసెంతా, సెతెంతా) తడబడతాను.

ఒకరోజు సంతలో ఎండిన ఎర్ర పూలు కుప్పగా పోసి ఉన్నాయి. ఫ్లోర్ దె హమైకా అంటారు, నీళ్ళలో మరిగించి చక్కెర వేసి చల్లగా తాగుతారు. మా ఆవిడ ఒకటి కొరికి చూసి "ఇది గోంగూరండీ!" అంది. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే మన ఎర్ర గోంగూర జాతే. మేము ఆకులు తింటామని ఆ పెద్దావిడకి చెప్పింది, తప్పుల తడకగానే. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. నేను సంచీ పట్టుకుని నిలబడ్డాను.

అన్నట్టు అక్కడా కొసరుంది. 'పిలోన్' అంటారు. మా ఆవిడ నవ్వుతూ "ఈ ఎల్ పిలోన్?" అంటే చాలు, గుప్పెడు కొత్తిమీరో నాలుగు పచ్చిమిరపకాయలో సంచీలో పడేవి.

ఓ వారం ఆవిడకి జ్వరమొస్తే ఒక్కణ్ణే వెళ్ళాను. జాగ్రత్తగా 'మీరు' అనే అడిగాను, డబ్బులు సరిగ్గానే ఇచ్చాను. పెద్దావిడ "సెన్యోరా ఏదీ?" అంది. జ్వరం అన్నాను. నేను అడక్కుండానే రెండు నిమ్మకాయలు, కాస్త అల్లం సంచీలో వేసి, ఇవి నీకు కాదు అన్నట్టు వేలు చూపించింది.