ఉగ్గానిలో రెండుసార్లు ఉప్పు

దసరాకి ప్రొద్దుటూరు స్టేజీ ఎక్కే ఛాన్స్ కొద్దిలో పోయేది.

కిందటి నెల జమ్మలమడుగులో ఒక రిసెప్షన్. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో అదిరిపోయిన నా గిటార్ అక్కడ దుప్పటి కప్పినట్టు మూగబోయింది. ‘‘దసరాకీ ఇట్లే వాయిస్తావాన్నా?’’ అన్నాడు మా సింగర్ తమ్ముడు. ప్రాసెసర్ కొత్తదే, ఆంప్ మంచిదే. తప్పు నాది.

మోడలింగ్ ప్రాసెసర్ అంటే ఒట్టి ఎఫెక్టులే కాదు. ఆంప్‌నీ, స్పీకర్ క్యాబినెట్‌నీ, దాని ముందు పెట్టే మైకునీ కూడా అనుకరిస్తుంది. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ఆ పని ప్రాసెసర్ ఒకసారి చేసింది, ఆంప్‌లోని అసలు స్పీకర్ మళ్లీ చేసింది. అమ్మ ఉప్పేసిన ఉగ్గానిలో నేను మళ్లీ ఉప్పేసినట్టు!

1975లో వచ్చిన రోలండ్ జేసీ-120 క్లీన్ సౌండ్‌కి పెట్టింది పేరు. అయినా అందులోనూ ఉన్నవి రెండు 12 అంగుళాల గిటార్ స్పీకర్లే. కాబట్టి ఎంత క్లీన్ ఆంప్ అయినా సూత్రం ఒకటే.

వైరు ఆంప్ వెనక ‘ఎఫెక్ట్స్ రిటర్న్’లో పెట్టండి, క్యాబ్ సిమ్యులేషన్ ఆఫ్ చేయండి. రిటర్న్ లేదా? ముందు ఇన్‌పుట్‌లోనే పెట్టి, ఆంప్ మోడల్ కూడా ఆపి, ఎఫెక్టులు మాత్రమే వాడండి. నేరుగా మిక్సర్‌కి ఇస్తే మాత్రం రెండూ ఆన్‌లోనే ఉండాలి.

మొన్న పులివెందులలో రిహార్సల్. క్యాబ్ ఆఫ్ చేసి ఒక్క కార్డ్ కొట్టా. తమ్ముడు ఏమీ అనలేదు, పాట అందుకున్నాడు. దసరాకి ప్రొద్దుటూరులో కలుద్దాం!