లక్క ఇంట్లో కాలిపోయిన ఆ ఆరుగురి పేర్లేంటి?

తమ్ముడూ, చెల్లెమ్మా, లక్క ఇంటి కథ మీకు తెలిసిందే. హాస్టల్ టీవీలో చూసుంటారు, లేదంటే తెలుగు వాచకంలో చదివుంటారు. పాండవులు సొరంగంలోంచి తప్పించుకున్నారు, ఇల్లు కాలిపోయింది. మరి తెల్లారి ఊరి జనం పాండవులు, కుంతి చచ్చిపోయారని ఎందుకు నమ్మారు? బూడిదలో ఆరు శవాలు దొరికాయి కాబట్టి. ఆ శవాలు ఎవరివి?

జవాబు ఆదిపర్వంలోనే ఉంది. ఆ రోజు కుంతి అన్నదానం పెట్టింది. ఒక నిషాద స్త్రీ ఐదుగురు కొడుకుల్ని వెంటబెట్టుకొని తిండికి వచ్చింది. తిన్నారు, తాగారు, అక్కడే ఒళ్లు తెలీకుండా నిద్రపోయారు. ఆ రాత్రే భీముడు నిప్పు పెట్టాడు. ఆరుగురు బతకడానికి ఆరుగురు కాలిపోయారు. నిషాదులంటే అడవి మనుషులు. బొటనవేలు పోగొట్టుకున్న ఏకలవ్యుడూ నిషాదుడే.

ఏకలవ్యుడికి కనీసం పేరుంది, తండ్రి పేరు కూడా ఉంది, హిరణ్యధన్వుడు అని. ఈ తల్లికి పేరు లేదు, కొడుకులకూ లేదు. అదే భారతంలో ఏనుగుకు పేరుంది, అశ్వత్థామ అని. కృష్ణుడి రథం లాగిన గుర్రాలకూ ఉన్నాయి.

బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి దీని మీద ఒక కథ రాసింది. యుద్ధమంతా అయిపోయాక ముసలి కుంతి అడవిలో ఉంటే, కాలిపోయిన ఆమె కోడలు వచ్చి నిలదీస్తుంది. అది చదివిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మన తరఫున అడిగిన మనిషి అన్నేళ్లకు ఒకామె దొరికింది, అది కూడా కథలో.

నేను యెరుకల కులంలో పుట్టినోణ్ణి. ఆళ్లగడ్డ దగ్గర ఊరు మాది. ఇక్కడి నుంచి బస్సెక్కితే గంటలోపే అహోబిలం. అక్కడ చెంచులక్ష్మి ఉంది. నరసింహస్వామి చెంచుల ఆడబిడ్డను పెళ్లాడాడని, ఆయన మన అల్లుడని చెంచోళ్లు చెప్పుకుంటారు. సంక్రాంతి పండగప్పుడు పారువేట మొదలైతే స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతుంది, పెళ్లికి పిలవడానికి. నేనూ చిన్నప్పుడు పల్లకి వెంబడి పరిగెత్తినోణ్ణే. ఆ సంబరాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. దేవుడు అడివోళ్ల గడపకు రావడం చిన్న విషయం కాదు. అయితే ఆ కథ ఎవరి నోట విన్నా పెళ్లి దగ్గర ఆగిపోతుంది. చెంచులక్ష్మి పుట్టింటోళ్లు తర్వాత ఎట్లా బతికారో, వాళ్ల కొండ టైగర్ రిజర్వు అయ్యాక తేనెకు పోవాలన్నా ఎవర్ని అడగాల్సి వచ్చిందో పురాణం చెప్పదు. ఆ భాగం చెంచు పిల్లలే రాయాలి. నేను రాస్తే అది అరువు మాటే అవుతుంది.

నాకు తెలిసిన భాగం వేరే.

విక్టర్ హ్యూగో అనే ఫ్రెంచి రచయిత 1862లో 'లే మిజరాబ్' అనే నవల వేశాడు. మనోళ్లు దాన్నే 1950లో నాగయ్యగారితో 'బీదలపాట్లు' అని సినిమా తీశారు. అందులో జా వల్జా అనేవాడు రొట్టె దొంగిలించి పంతొమ్మిదేళ్లు జైల్లో ఉండి బయటికొస్తాడు. చేతికి ఒక పసుపుపచ్చ పాస్ ఇస్తారు. ఏ ఊరికి పోయినా ముందు దాన్ని చూపించాలి. అది చూడగానే పూటకూళ్లింట్లో అన్నం పెట్టరు, పడుకోనివ్వరు.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు ఈ నవల సంక్షిప్తం చదివి మా జేజికి కథలాగా చెప్పాను. ఆమె గంప అల్లుతా వింటా ఉండింది. చివర్లో ఒకటే అనింది: "వాడు రొట్టె తీసినాడు కాబట్టి పాసు ఇచ్చినారు. మా నాయన ఏం తీసినాడు రా?"

నవల వచ్చిన తొమ్మిదేళ్లకు, 1871లో, తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో మన మద్రాసు రాజధానికీ దాన్ని తగిలించారు. కులం పేరు ఆ జాబితాలో ఎక్కితే చాలు, నువ్వు నేరం చేశావా లేదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. ఎదురు చెబితే జైలు. తర్వాత సెటిల్మెంట్లు. స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు, సినిమాల పుణ్యమా అని. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ, బైబిల్ చేతపట్టుకున్న సంస్థ. బానిసలు ఫరో దగ్గర్నుంచి బయటపడిన కథ ఉండేది అదే పుస్తకంలో! మన జిల్లాలో ఆత్మకూరు దగ్గర సిద్దాపురం సెటిల్మెంటు ఉండేది. మా జేజి పుట్టింది అక్కడే. మద్రాసులో 1947లో ఆ చట్టం పోయింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న.

పోయిందా? నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పక్కూళ్లో బోరు మోటార్లు పోతే, మా నాయన్ను పిలుచుకొనిపోయి రెండు దినాలు కూచోబెట్టారు. ఏ స్టేషనో ఇప్పుడు చెప్పను. మూడో దినం ఇంకెవరో దొరికితే "పో" అన్నారు. నాయన ఇంటికొచ్చి పందుల దొడ్డి కడుక్కున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మాట్లాడకపోవడం గురించే ఈ వ్యాసం.

యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక క్యాంపుల నుంచి బతికొచ్చిన యూదులు రాశారు. ప్రిమో లేవి 1947లోనే పుస్తకం వేశాడు. మొదట పెద్ద ప్రచురణకర్త వద్దన్నాడు, చిన్న ప్రెస్సు అచ్చేసింది. అవే క్యాంపుల్లో రోమా జనం కూడా ఉన్నారు. మన దేశం నుంచి వెళ్లినోళ్ల సంతతి, సంచారులు, గుర్రాల వ్యాపారం చేసేవాళ్లు. వాళ్లనూ పుట్టుకతోనే నేరస్థులన్నారు. ఆష్విట్జ్‌లో వాళ్ల చేతి మీద నంబరుకు ముందు 'జెడ్' అక్షరం పొడిచారు. 1944 ఆగస్టు 2 రాత్రి అక్కడి రోమా క్యాంపులో మిగిలిన వేలమందిని గ్యాస్‌తో చంపేశారు. అది జాతి హత్యేనని పశ్చిమ జర్మనీ ఒప్పుకున్నది 1982లో!

ఆ క్యాంపుల్లో పదేళ్ల పిల్లగా ఉండి బతికి బయటపడిన చయ్యా స్టోయ్కా అనే రోమా ఆమె ఆస్ట్రియాలో తివాచీలు అమ్ముకొని బతికింది. సరిగా బడికి పోలేదు. తన కథ పుస్తకంగా తెచ్చింది 1988లో, నలభై ఏళ్లు దాటాక. వాళ్లోళ్లలోనే కొందరు ఇష్టపడలేదు. దాక్కొని బతుకుతున్నాం కదా, ఎందుకు బయటపెట్టడం అని వాళ్ల భయం.

మనోళ్లూ అదే అంటారు. మొన్న ఆళ్లగడ్డ మీటింగులో ఒక అన్న నా మీద లేచాడు. "సెటిల్మెంటు మాట ఎత్తొద్దు, పిల్లల సంబంధాలు చెడతాయి, ఉద్యోగం దగ్గర చూసే చూపు మారిపోతుంది" అన్నాడు. ఆయన మాటలో నిజం ఉంది. నాకూ క్లాసులో కులం పేరు చెప్పగానే పక్కనోడు బ్యాగు సర్దుకున్న రోజు గుర్తుంది. కానీ అన్నా, మనం దాచినంత మాత్రాన కథ ఆగిందా? సినిమావాళ్లు తీస్తానే ఉన్నారు, కత్తి పట్టిన దొంగగానో, రైలు దోచే హీరోగానో. హాజరు రిజిస్టర్లో వేలిముద్ర వేసిన మనిషి సినిమాలో లేడు. వాల్మీకినే చూడండి. ఆయన దొంగ అనే కథ అసలు వాల్మీకి రామాయణంలో లేదు, తర్వాత పుస్తకాల్లో చేరింది. ఇప్పుడు ఆ కథే అందరికీ తెలుసు.

మహారాష్ట్రలో కైకాడీలు మనలాగే గంపలు అల్లేవాళ్లు. వాళ్లలోంచి లక్ష్మణ్ మానే 1980లో 'ఉపరా' అని తన బతుకు రాశాడు. ఉపరా అంటే బయటోడు. దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మన సిద్దాపురం మీద మనోళ్లు రాసిన అట్లాంటి పుస్తకం ఒక్కటైనా నాకు ఎదురుపడలేదు.

మా జేజిని నేను రికార్డు చెయ్యలేదు. ఫోన్ చేతిలోనే ఉండింది. రీల్స్ చేశాను, మీటింగుల వీడియోలు తీశాను. ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నాను. మూడేళ్ల కింద పోయింది. సెటిల్మెంటులో వాళ్ల నాయన్ను ఏ పేరుతో పిలిచి హాజరు వేసేవాళ్లో కూడా నాకు తెలీదు.

జేజి అక్క ఇంకా ఉంది, ఆత్మకూరు పక్క పల్లెలో. తొంభై దాటింది, చెవులు సరిగా వినపడవు, ఉదయం పూట బాగా మాట్లాడుతుందని వాళ్ల మనవడు చెప్పాడు. వచ్చే ఆదివారం మొదటి బస్సుకే పోతున్నా. ముందు పేర్లు అడుగుతా, వాళ్ల ఇంటివే కాకుండా చుట్టూ ఉన్న ఇళ్లవి కూడా. మీ ఇళ్లల్లో ఆ వయసోళ్లు ఉంటే మీరూ ఈ వారమే కూచోండి. మన బాసలోనే మాట్లాడనివ్వండి, తెలుగులోకి తర్వాత మార్చుకోవచ్చు. ఏడిస్తే ఫోన్ ఆపెయ్యండి. వద్దంటే బలవంతం చెయ్యకండి, ఇంకో రోజు పోండి.