ఏ రాబర్ట్ స్మిత్‌కు ఈ ఉత్తరం?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో యూరప్‌లో ఉన్న అమెరికా సైన్యంలో రాబర్ట్ స్మిత్‌లే 7,500 మంది. వాళ్లలో ఎవరి తల్లో రాసిన ఉత్తరం 1945 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లోని ఓ బడి భవనంలో, కప్పుదాకా పేరుకున్న బస్తాల అడుగున ఉండిపోయింది. కిటికీలకు నల్లరంగు, లోపల గడ్డకట్టే చలి, ఇంటినుంచి వచ్చిన కేకుల పొట్లాల్లో ఎలుకలు. ఆ గుట్టను కరిగించడానికి వచ్చినవారు 6888వ పోస్టల్ బెటాలియన్ మహిళలు. 855 మంది, దాదాపు అందరూ నల్లజాతివారే. నాయకురాలు మేజర్ చారిటీ ఆడమ్స్‌కు అప్పటికి 26 ఏళ్లు.

దక్షిణ కరోలినాలో బడిపిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్న ఆమె 1942లో మహిళా సహాయక సైన్యంలో చేరారు. అందులో అధికారి హోదా పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమే.

మూడు వంతులుగా రాత్రీపగలూ పని. సైనికుల వివరాలతో 70 లక్షల కార్డులు రాసుకుని, సైనికుడి నంబరును బట్టి ఏ స్మిత్ ఎవరో తేల్చారు. ‘జూనియర్, అమెరికా సైన్యం’ అని మాత్రమే రాసి ఉన్న కవర్లకూ మనిషిని వెతికారు. ఆ కార్డుల దగ్గరే నా మనసు ఆగిపోతుంది. తమను మనుషులుగా లెక్కవేయని సైన్యంలో, ఒక్క పేరూ గల్లంతు కాకూడదని వాళ్లు పడిన తపన అది. ఆరు నెలల గడువిస్తే మూడు నెలల్లో ముగించారు.

ఒకరోజు తనిఖీకి వచ్చిన జనరల్, అందరూ వరుసలో నిలబడలేదని మండిపడ్డాడు. రాత్రి వంతువాళ్లు నిద్రలో ఉన్నారని చెప్పినా వినలేదు. బెటాలియన్ ఎలా నడపాలో చూపించడానికి ఓ తెల్ల లెఫ్టినెంటును పంపుతానన్నాడు. మేజరుకు పాఠం చెప్పడానికి లెఫ్టినెంటు! అతనికున్న అర్హతల్లా ఒంటి రంగే. తన ప్రాణం ఉండగా అది జరగదని ఆడమ్స్ అక్కడే చెప్పారు. కోర్టుమార్షల్ చేస్తానంటే, జాతిభేదం రేపే మాటలు కూడదన్న సైన్యం ఉత్తర్వునే పట్టుకుని ఎదురు ఫిర్యాదుకు సిద్ధమయ్యారు. వెనక్కి తగ్గింది జనరలే.

లెఫ్టినెంట్ కల్నల్‌గా ఆమె సైన్యాన్ని వీడారు, 2002లో కన్నుమూశారు. 2023లో వర్జీనియాలోని ఫోర్ట్ లీ సైనిక స్థావరానికి ఆమె పేరు, మరో నల్లజాతి సైనికాధికారి ఆర్థర్ గ్రెగ్ పేరు కలిపి పెట్టారు. 2025లో తీసేశారు. ఇది రాస్తుంటే చెయ్యి బరువెక్కుతోంది.

బర్మింగ్‌హామ్ తర్వాత బెటాలియన్ ఫ్రాన్స్‌లోని రూఅన్‌కు వెళ్లింది. అక్కడ 1945 జులైలో జీపు ప్రమాదం ముగ్గురిని బలిగొంది. అంత్యక్రియల ఖర్చు యుద్ధశాఖ ఇవ్వకపోతే తోటివాళ్లే తలా కొంత వేసుకుని శవపేటికలు కొన్నారు. నార్మండీలోని అమెరికా సైనిక శ్మశానంలో ఉన్న మహిళల సమాధులు నాలుగే. వాటిలో మూడు వాళ్లవి: మేరీ బ్యాంక్‌స్టన్, మేరీ బార్లో, డొలోరెస్ బ్రౌన్.